చేయి అందినంత మేర

భివండీ పట్టణమునందలి ధామన్కర్ నాకా యొద్ద నిలిచి, వాహనముల రొద ఒకింత సద్దుమణిగినపుడు చెవి యొగ్గినచో, చుట్టుపట్ల గాలాలని పిలువబడు కొట్టములలో మరమగ్గములు ఎడతెగక మ్రోగుచుండుట వినవచ్చును. తెలంగాణమువారు సాంచెలని పిలిచెడి ఈ మగ్గములపై, కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ, మహబూబునగరు జిల్లాలనుండి తరతరములుగా వలసవచ్చి కామత్‌ఘర్, పద్మానగరు మొదలైన పేటలలో కాపురముండిన పద్మశాలి కుటుంబములవారు, ఉత్తరదేశమునుండి వచ్చిన మోమిన్ నేతగాండ్రతో పాటు, దేశమునకు కావలసిన బట్టను నేయుచున్నారు. 1982 జనవరి 18వ తేదీన దత్తా సామంత్ నాయకత్వమున రమారమి రెండున్నర లక్షలమంది బొంబాయి మిల్లు కార్మికులు మొదలిడిన సమ్మె, జయాపజయములు తేలకయే సన్నగిల్లి, పెక్కు మిల్లుల తలుపులు మూయించిన పిమ్మట, ఆ మిల్లులు నేయవలసిన బట్టలో చాలభాగము ఇట్టి ఊళ్ల చిన్న కొట్టములకు తరలివచ్చెను. దానితో భివండీ మరింత పెరిగెను.

ఇంత బట్ట పుట్టుచున్న ఊరిలో, భుజము పైకి లేవని ఒక పెద్దావిడ, ఒకరి సాయము లేక తానే తొడిగి తానే విడువగల వంట ఏప్రాన్ ఒక్కటి కావలెనని అంగడికి పోయినచో, ఆమె ముందర పరచుటకు అంగడివానియొద్ద ఏమియు నుండదు. అంగడిలో దొరకెడి ఏప్రాన్లన్నియు, తలమీదుగా మెడలో వైచుకొనుటకు ఒక ఉచ్చును, వీపువెనుక ముడివైచుకొనుటకు రెండు నాడాలును కలిగి, రెండు చేతులును సంపూర్ణముగా ఆడెడివారి కొఱకే కుట్టబడినవి. ఆ రెండు కదలికలును ఎంత కఠినములో, అవి పోయినవారికి గాని తెలియదు. ఉచ్చును తలమీదుగా దించుటకు మోచేతులు చెవులవరకు లేవవలెను. నాడాలను ముడివైచుటకు రెండు చేతులును వెనుకకు తిరిగి, నడుము వద్ద ఒండొంటిని కలిసికొని, కంటికి కానరాని చోట వ్రేళ్లతో సన్నని పని చేయవలెను. భుజము బిగిసినవారికి తిరిగి వచ్చునపుడు కట్టకడపట వచ్చునది తరచుగా ఈ వెనుకకు తిరిగెడి కదలికయే.

మగ్గముల నడుమ ఇరుకు సందులలో పండ్రెండు గంటల పాళి నిలువుకాళ్లపై తిరుగుచు, నాలుగు మొదలు ఎనిమిది మగ్గములవరకు ఒక్కడే కనిపెట్టుచు, తెగిన పడుగుపోగును ముడివైచుచు, కండె యయిపోయిన నాడెను మార్చుచు ఇరువది ముప్పది యేండ్లు గడపిన మనుష్యునకు, ఏబది దాటునప్పటికి మోకాలో, భుజమో, నడుమో మొండికెత్తుట వింత కాదు. ఇంట కండెలు చుట్టియో బీడీలు చుట్టియో కాలము గడపిన ఆడువారి వ్రేళ్లును మెడయు అట్టివే. దీనికి మధుమేహము తోడైనచో, భుజము బిగిసికొనెడి రోగము ఇతరులకంటె వారికే హెచ్చుగా వచ్చునని వైద్యులు చెప్పుదురు. రక్తపోటును నిర్లక్ష్యము చేసినవారికి పక్షవాతము కాచుకొనియుండును. 2011 జనాభా లెక్కలలో దేశమంతటను 2.68 కోట్లమంది వికలాంగులుగా నమోదైరి; వారిలో సుమారు 54 లక్షలమంది కదలికకు సంబంధించిన వైకల్యము గలవారు. అయితే చేతికఱ్ఱతో నడచెడి తాతయు, జడ వేసికొనలేని అవ్వయు తమను వికలాంగులమని లెక్కవానితో చెప్పుకొనరు గదా. కావున ఏప్రాన్ విషయమున ఈ సంఖ్య కొలబద్ద కానేరదు.

మన తెలుగు వంటయింటికి ఏప్రాన్ క్రొత్త. ఆ పని కొంగు చేసెడిది. చేయి తుడుచుకొనుటకును, వేడిగిన్నె దింపుటకును, చిల్లర ముడివైచుకొనుటకును అదియే యుండెడిది. కాని పక్షవాతముచే ఒక చేయి చచ్చుపడిన స్త్రీ చీర కుచ్చెళ్లు పోసికొనలేదు, నైటీకి మారును. నైటీకి కొంగు లేదు. భుజముపై తువాలు వైచుకొన్నచో, వంగినపుడెల్ల అది జారి, ఒక్కొక్కప్పుడు పొయ్యిమీదికే జారును. ఇట్టివారికి ఏప్రాన్ పాశ్చాత్యుల సోకు కాదు, పోయిన కొంగునకు మారుగా వచ్చినది. ఇంట కోడలున్నది గదా, ముడి ఆమె వేయదా యని అడుగువారుందురు. భివండీ వంటి ఊరిలో కొడుకు పగటిపాళిలో గాలాలోను, కోడలు వేరొక పనిలోను ఉండగా, ఒంటిగదిలో మిగిలిన పెద్దావిడ మధ్యాహ్నము తన అన్నము తాను వండుకొనవలసినదే. ముడి వేయువారు లేనివేళకే ఈ వస్త్రము కావలసియున్నది.

ఇట్టి దుస్తులను గూర్చి శాస్త్రీయముగా ఆలోచించుట రెండవ ప్రపంచయుద్ధానంతరము, అవయవములు కోల్పోయిన సైనికుల పునరావాసముతో ప్రబలెను. హోవర్డ్ రస్క్ అను వైద్యుడు న్యూయార్కులో నెలకొల్పిన పునరావాస సంస్థ ప్రోత్సాహమున హెలెన్ కుక్‌మన్ అను వస్త్రరూపకర్త్రి 1955 ప్రాంతమునుండి వికలాంగులకు అనువగు దుస్తులను రూపొందించి, పిమ్మట గ్రంథస్థము చేసెను. అమెరికా వ్యవసాయశాఖలో పనిచేసిన క్లారిస్ స్కాట్, వైకల్యముతో ఇల్లు నడుపుకొనుచున్న గృహిణుల దుస్తులను గూర్చి 1961లో ఒక నివేదిక వెలువరించెను. వ్యవసాయశాఖకు దుస్తుల పని యేమని మనకు తోచును గాని, పల్లెటూరి యింటి పని యంతయు నాడు ఆ శాఖ పరిశోధనలో భాగమై యుండెను. ఆ విశాలదృష్టి మన శాఖలకును అబ్బిన బాగుండును.

అంత దూరము పోనక్కఱలేదు కూడ. భివండీకి పొరుగుననే యున్న బొంబాయిలో, అమెరికాలో ఎలిజబెత్ లండీగా పుట్టి, భారతీయుని వివాహమాడి, ఈ దేశమునే తన దేశముగా చేసికొనిన కమలా నింబ్‌కర్, 1950లో కె.ఇ.ఎం. ఆసుపత్రియందు ఆసియాఖండముననే మొట్టమొదటి వృత్తిచికిత్సా పాఠశాలను నెలకొల్పెను. రోగి తన బొత్తాము తాను పెట్టుకొనుట, తన ముద్ద తాను నోట పెట్టుకొనుట మొదలగు నిత్యకృత్యములను మరల నేర్పుటయే ఆ విద్య యొక్క సారము. హాజీ అలీ వద్దనున్న అఖిల భారత భౌతికవైద్య పునరావాస సంస్థ ఏర్పడినది 1955లో. స్విట్జర్లాండు దేశస్థుడు జార్జ్ ద మెస్ట్రాల్, తన కుక్క బొచ్చునకు అంటుకొనిన ముండ్లకాయలను చూచి కల్పించిన వెల్క్రో పట్టీకి పేటెంటు లభించినదియు 1955లోనే. ఆ సంవత్సరము ఈ విషయమునకు శుభవత్సరము కాబోలు!

ఇక కుట్టు విషయమునకు వత్తము. మన దర్జీలు ఛాతి, నడుము, పొడవు కొలిచి పని ముగింతురు. ఇట్టి ఏప్రానునకు ఆ కొలతలు చాలవు; దేహము ఎంత యున్నదో యనుటకంటె ఎంత కదలునో యనుట ముఖ్యము. టేపు తీయుటకు ముందే కుట్టెడి పిల్ల, “పెద్దవ్వా, చెయ్యి ఎంతమటుకు లేస్తది? ఒకసారి దువ్వుకున్నట్టు చేసి చూపెట్టు” అని అడుగవలెను. తల దువ్వుకొనగలదా, మెడవెనుక చేయి పెట్టగలదా, నడుమువెనుక పెట్టగలదా, బల్లమీది గుండుసూదిని రెండు వ్రేళ్లతో ఎత్తగలదా, కూర్చుండి వండునా నిలిచి వండునా — ఇంతమాత్రము చూచినచో ఏ ఏప్రాన్ కుట్టవలెనో మూడువంతులు తేలిపోవును. నొప్పియగునని తెలిసియు మొగమాటముచేత చేయి మరింత ఎత్తి చూపువారుందురు; వారి మొగము చూచుచు కొలువవలెను, చేతిని మాత్రమే చూచిన మోసపోవుదుము.

ఒక్క చేయి మాత్రమే ఆడెడివారికి, నా అభిప్రాయమున, కంకణపు ఏప్రానును మించినది లేదు. దీనికి మెడ ఉచ్చును లేదు, నాడాలును లేవు. నడుముపట్టీని గొట్టమువలె మడచి కుట్టి, అందులో వంచినను తిరిగి తన వంపునకు వచ్చెడి బల్లపరుపు ప్లాస్టిక్ పట్టీని దూర్చుదురు. అది పూర్తి వలయము కారాదు. నడుము చుట్టుకొలతలో ఇంచుమించు ముప్పాతిక భాగముండి, వెనుక తెరచియుండవలెను. నడుము 34 అంగుళములైనచో పట్టీ 25, 26 అంగుళములుండిన చాలును. ఒక కొనను నడుము ప్రక్కన ఆనించి, అదే చేతితో రెండవకొనను లాగి రెండవ ప్రక్కకు చేర్చినంతనే అది నడుమును పట్టుకొనును. కొనలను గుండ్రముగా కోసి, రెండుమూడు పొరల గుడ్డ చుట్టి కుట్టకపోయినచో, ఒక చేతితోపాటు ఒక ప్రక్క స్పర్శయు కోల్పోయినవారికి, అవి గీరుకొని పుండు పడినను తెలియదు. భివండీ గోడౌన్లలో మూటలు బిగించెడి ప్యాకింగ్ పట్టీలు వాడుకకు కానివి కుప్పలుగా పడియుండును గదా యని తోచవచ్చును. ప్లాస్టిక్‌వి ఒక్కపొరగా మరీ మెత్తన, ఇనుపవాటి అంచు కత్తివంటిది, వానిని ముట్టనేకూడదు. ప్లాస్టిక్‌వి మూడు పొరలు కలిపి గుడ్డ టేపుతో చుట్టినచో కొంత బిగువు వచ్చును. పట్టీని ఊడదీసి ఉదుకుటకు వీలుగా గొట్టమునకు ఒకవైపు కుట్టు వేయక వదలవలెను. కడుపు శస్త్రచికిత్స జరిగి ఇంకను మానని వారికి ఈ కంకణము తగదు.

చక్రాల కుర్చీలో కూర్చుండువారికి ఈ ఏప్రానే శత్రువగును. కుర్చీ వీపు అడ్డుపడి కొనలు ప్రక్కటెముకలకు గ్రుచ్చుకొనును. వారికి వెనుకభాగమే యక్కఱలేదు. ఛాతినుండి మోకాళ్లు దాటి రెండు మూడంగుళములవరకు మాత్రమే వచ్చునట్లు, కూర్చుండియుండగానే కొలిచి, నిలువుకొలతతో పనిలేక కోయవలెను. రెండు ప్రక్కలను రెక్కలవలె కొంత గుడ్డ వదలి తొడలక్రింద దోపుకొనుటకు అనువుగా చేయవలెను. అంచు చక్రపు ఆకులలో చిక్కుకొనరాదు. చిక్కుకొనినచో కుర్చీ ఒక్కసారిగా ఆగి మనిషి ముందునకు తూలును. ఒడిలో గిన్నె పెట్టుకొని కూర తరిగెడివారికి ఒడిభాగమున మందమైన రెండవ పొరయుండిన మేలు, కాని వేడి పాత్రకు ఎన్ని పొరలైనను చాలవు. కాళ్ల స్పర్శ లేనివారు వేడి గిన్నెను ఒడిలో పెట్టుకొనుట ఎన్నడును తగదు.

ఇటీవల నాడాలు లేని, వీపున అడ్డముగా పట్టీలు కలిసెడి జపాను పద్ధతి ఏప్రానును అందరికిని సులభమైనదిగా పొగడుచున్నారు. ముడివేయలేని వ్రేళ్లకు, అనగా కీళ్లవాతముచే వ్రేళ్లు వంకరవోయినవారికి, అది నిజముగా హితమే. బిగిసిన భుజమునకు మాత్రము కాదు. తొలిచేయి దూరిన పిమ్మట రెండవచేయి వెనుకకు పోయి పట్టీని వెదకుకొనవలసియే యున్నది. సర్వులకును సరిపడు ఒక్క ఏప్రాన్ ఉన్నదనుట వర్తకుని మాట. ఒకవేళ పక్షవాతము వచ్చినవారే దానిని తొడుగదలచినచో, వృత్తిచికిత్సకులు బోధించు నియమము ఒక్కటి కలదు: తొడుగునపుడు చచ్చుపడిన చేయి ముందు, విడుచునపుడు చచ్చుపడిన చేయి చివర.

భుజము కొంత లేచియు వెనుకకు పోనివారికి ముందువైపు మూసికొనెడి ఏప్రాన్ తగును. మెడ ఉచ్చును ఒక భుజమువద్ద తెగగొట్టి, కాలరెముక దగ్గర మూసికొనునట్లు చేసి, నడుమునాడాలలో ఒకదానిని పొడుగుగా చేసి వీపువెనుకనుండి ముందునకు త్రిప్పి, కంటి యెదుటనే అంటించునట్లు చేయవలెను. ఇచట ప్రశ్న, దేనితో అంటింతుమనునది. రవిక హుక్కులు మన స్త్రీలకు చిరపరిచితములే గాని, వణకెడి వ్రేళ్లకు వానికంటె పగవారు లేరు. టిచ్ బటన్లు నొక్కుటకు వ్రేలిబలము కావలెను. బొత్తాములే కావలెననువారికి అంగుళము వెడల్పుగలవి, దారపు కాడపై ఎత్తుగా నిలిపి, ఎలాస్టిక్ దారముతో కుట్టిన బాగుండును. అయస్కాంతపు బొత్తాములు చేతికి ఎంతో సుఖము. కాని గుండెలో పేస్‌మేకరు అమర్చినవారి ఛాతిపై వానిని కుట్టుట ప్రమాదకరము. ఈ సంగతి అడుగక కుట్టెడి దర్జీ ఎంత పనివాడైనను పనికిరాడు. వెల్క్రో యన్నిటిలో చవుక, సులభము. పైగా పొయ్యివద్ద అంచు దేనికైన తగులుకొన్నచో ముడివలె బిగిసికొనక ఊడివచ్చును, అది దానిలోని రక్షణ. భివండీలో మాత్రము దానికొక చిక్కు కలదు. గాలాలనుండి ఎగసెడి దూది నలుసు ఇండ్లలో సైతము వాలుచుండును. ఆ నలుసంతయు వెల్క్రో ముండ్లలో చిక్కి, కొన్నినెలలలో పట్టు పోవును. ఉదుకునపుడు పట్టీని మూసి ఉదుకుటయు, అప్పుడప్పుడు పాత పండ్లబ్రష్షుతో నలుసు దువ్వుటయు దీనికి విరుగుడు.

బట్ట విషయమున భివండీవారు అదృష్టవంతులు, ఒక్క జాగ్రత్త తీసికొన్నచో. మగ్గమునుండి దిగిన గ్రే బట్ట రంగును, తెలుపును ఇంకను చూడనిది. పడుగుపోగులకు పట్టించిన గంజియు, నూలునకు సహజమైన మైనమును దానిలో నిలిచియుండుటచే నీరు పీల్చదు. చవుకగా దొరకినదని అట్లే కోసి కుట్టినచో, మొదటి ఉదుకులోనే కుంచించుకొనిపోయి కొలతలన్నియు తప్పును. ఒక రాత్రి గోరువెచ్చని నీటిలో నానబెట్టి, సబ్బుతో ఉడికించి, ఆరిన తరువాతనే కత్తెర వేయవలెను. పొయ్యి ముందర పాలియెస్టరు తగదు. అది కాలుటతో పోక, కరగి చర్మమునకు అంటుకొనును. నూలును కాలును గాని, దగ్గరగా నేసిన డ్రిల్లు బట్ట పలుచని మల్లువలె భగ్గున అంటుకొనదు. నూనె చిందెడి పనికి ఎదభాగమున అదే గుడ్డను రెండు పొరలు వేయుట మంచిది.

జేబులను గూర్చి ఒక మాట. చేతికఱ్ఱయో వాకరో పట్టుకొనినవానికి వస్తువు మోయుటకు చేయి మిగులదు. జేబే వాని మూడవచేయి. కాని ఆ జేబును ఎదపై కుట్టినచో, ఫోను, తాళములు, మాత్రల పెట్టె బరువంతయు మెడపట్టీపై పడి, ఉన్న మెడనొప్పికి మరొకటి చేరును. నడుముక్రింద, ఆడెడి చేతివైపు, నోరు వాలుగా, అంచు బిగువుగా కుట్టవలెను. వంకరవ్రేళ్ల పిడికిలి తడుముకొనక దూరుటకు ఏడంగుళముల వెడల్పైన నుండవలెను. చూపు మందగించినవారికి జేబు అంచును వేఱు రంగు గుడ్డతో కుట్టుట అందమును ఉపయోగమును ఒక్కటిగా చేయును.

భోజనపు ఏప్రాన్ మరింత సున్నితమైన విషయము. చేయి వణకి పులుసు ఒలుకునని పసివానికి కట్టినట్లు పెద్దవారి మెడకు గుడ్డ కట్టుట, కట్టినవారికి సేవగా తోచినను కట్టించుకొనినవారికి అవమానముగానే యుండును. అడుగున ఒలికినది పట్టెడి మడత, లోపల తడి దిగనీయని పొర, ఇవి యన్నియు ఉండవచ్చును. పైకి మాత్రము అది కండువావలెనో చున్నీవలెనో కనబడునట్లు, వారి బట్టలకు తగిన రంగున, అంచుతో కుట్టవచ్చును. తానులకొలది బట్ట దించెడి నేతగాని యింట అంచు గుడ్డకు కఱవేమి? మంచి దర్జీ ఈ పనికి కొంచెము హెచ్చు కూలి అడిగినను న్యాయమే.

కుట్టు ముగిసినంతమాత్రమున పని ముగియలేదు. వారిచేతనే, దర్జీ చేయి కలుపక, ఒకసారి తొడిగించి, ఒకసారి విడిపించి చూడవలెను. విడుచుట తొడుగుటకంటె ముఖ్యము, ఎందుకన మీద వేడినీళ్లు పడినపుడు తొడుగుట కాదు గదా కావలసినది. పక్షవాతము వచ్చినవారిలో కదలిక మొదటి మూడు నుండి ఆరు నెలలలో ఎక్కువగా తిరిగివచ్చును. కీళ్లవాతము గలవారిలో కదలిక దానికి విపరీతముగా తగ్గుచు పోవచ్చును. కావున పట్టీలను, బొత్తాములను మొదట మిషనుతో గట్టిగా బిగింపక, చేతికుట్టుతో వదులుగా తగిలించి, నాడాలలో నాలుగంగుళముల గుడ్డ లోపల మడచి వదలి, ఆరు నెలలకు మరల పిలిచి, చేయి ఎంతవరకు వచ్చుచున్నదో చూచి, పట్టీలను ఆ చోటికి మార్చి అప్పుడు మిషను కుట్టు వేయవలెను.